మంచపుకోడుకు కట్టిన చెల్లెలు

నా చిన్నప్పుడు మా అమ్మ రోజూ పొద్దున పనికి పోయేముందు మా చెల్లిని మంచపుకోడుకు కట్టేసి పోయేది. వినడానికి ఎంత ఘోరంగా ఉంటుందో నాకు తెలుసు. కానీ మా అమ్మ రాక్షసి కాదు. నడుముకు ఒరుసుకోకుండా పాత చీరను మెత్తగా మడిచి, ముడి వేస్తూ ఏడ్చేది. పిల్ల ముందు చెంబెడు నీళ్ళు, గిన్నెలో ఇంత సద్దన్నం పెట్టి, తలుపు దగ్గరికి వేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయేది.

మాది మార్కాపురం పక్కన పలకల గనుల మీద బతికే ఊరు. మా తాలూకా కర్నూలు జిల్లాను వదిలి కొత్త జిల్లాలో కలిసిన రోజులవి. గని దుమ్ము మింగి మింగి మా నాయన దగ్గుతో మంచం పట్టి, ఆ యేడు ఎండాకాలంలో పోయాడు. అప్పటికి నాకు ఏడేళ్ళు, చెల్లికి నాలుగు. చెల్లికి పుట్టుకతోనే చెవులు వినపడవు. అందుకని మాటా రాలేదు. మొదట్లో అమ్మ దాన్ని వెంటబెట్టుకుని గనికే పోయేది. ఒకరోజు పైనుంచి రాయి దొర్లింది. అందరూ కేకలు పెట్టారు. చెల్లి తలెత్తి కూడా చూడలేదు. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి రెక్క పట్టి పక్కకు లాగకపోతే దాని బతుకు ఆ రోజుతో సరి.

"రేపట్నుంచి పిల్లను తెచ్చేటట్టుంటే నువ్వు గూడా రాబాకమ్మా" అన్నాడు మేస్త్రీ. పిల్ల రెక్కను ఇంకా వదల్లేదు.

మా బడి పక్కన ఒక గదిలో బడి ఈడు రాని పిల్లల బాలవాడి నడిచేది. అమ్మ చెల్లిని ఎత్తుకుని అక్కడికి పోయి అడిగింది. టీచరమ్మ చిన్న వయసుది, చెడ్డ మనిషేం కాదు. "పిలిస్తే పలకని పిల్ల గదక్కా. రోడ్డు మీదికి పోతే నేనేం జేసేది? ముప్పై మంది పిల్లోళ్ళుండారు" అంది. అక్కడున్న తల్లుల్లో ఒకామె ఆ మూగతనం తన బిడ్డకూ అంటుకుంటుందేమో అంది. ఆ మాట విన్నాక అమ్మ చెల్లిని చంకనేసుకుని ఇంటికి వచ్చేసింది.

మర్నాడే మంచపుకోడుకు చీర కట్టింది.

మధ్యాహ్నం బడి గంట కొట్టగానే ఇంటికి పరిగెత్తి చెల్లిని చూసి రావడం నా పని. విప్పి, కాసేపు బయట తిప్పి, మళ్ళీ కట్టి రావాలి. కట్టేటప్పుడు అది నా చేతిని రెండు చేతులతో పట్టుకునేది. ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించుకుని వచ్చేదాన్ని. ఎవరితోనూ చెప్పేదాన్ని కాదు.

ఒకరోజు నేను పోలేదు. అచ్చంగిల్లల ఆట మంచి ఊపులో ఉంది. బాలవాడిలో ఉప్మా వండే ఆయమ్మ నీళ్ళ బిందెతో అటు పోతూ మా దగ్గర ఆగింది. ఆమెది మా వీధే.

"ఏం పాపా, ఇంటికి పోలేదా? చెల్లెలు ఎట్లుంది?"

దుకాణం వాళ్ళ పిల్ల ఆట ఆపి నా మొహంలోకి చూసింది. ఆ పిల్ల నన్ను ఆటలోకి రానివ్వడం ఆ రోజే మొదలు.

"నాకు చెల్లెలు లేదు" అన్నాను.

ఆయమ్మ బిందె అక్కడే దించి, నా చెయ్యి పట్టుకుని మా ఇంటి దారి పట్టింది.

తలుపు తీసేసరికి చెల్లి కోడు చుట్టూ తిరిగి తిరిగి, చీరంతా చుట్టుకుపోయి, చెంప కోడుకు ఆనుకుని ఉంది. చెంబు బోర్లాపడి, ముడి తడిసి బిగిసిపోయింది. ఎంతసేపు ఏడ్చిందో, నోరు తెరుస్తోంది గానీ గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆయమ్మ వేళ్ళతో లాగింది. ముడి రాలేదు. నేల మీద కూలబడి, పళ్ళతో కొరికి విప్పింది. నేను గోడకు అంటుకుపోయి నిలబడ్డాను, తిడుతుందని, కొడుతుందని.

"పోయి తుండుగుడ్డ తేపో" అంది. అంతే.

చెల్లిని తుడిచి, చంకనేసుకుని నేరుగా బాలవాడికి పోయింది. టీచరమ్మ లేచి నిలబడింది.

"పెద్దమ్మా, నేను ముందే చెప్పినాను గదా."

"గొడ్డును కట్టేసినట్ల కట్టేసినారు టీచరమ్మా. నువ్వు వద్దంటే రేపట్నుంచి నేను గూడా రాను. ఉప్మా ఎవురు వండుతారో చూసుకో." అంతలోనే ఆమె టీచరమ్మ గడ్డం పట్టుకుంది. "ఒక్క దినం ఉండనీ తల్లీ."

"పిలిస్తే ఎట్ల తెలుస్తాది దానికి?" అంది టీచరమ్మ.

ఆయమ్మ చెల్లిని గోడవైపు తిప్పి కూచోబెట్టింది. వంటమూల నుంచి రోకలి తెచ్చి, దాని వెనక నాపరాతి నేల మీద దభీమని దించింది. బండ అదిరింది. చెల్లి గిరుక్కున తల తిప్పి చూసింది.

పిల్లలు ఒక్క క్షణం బిక్కచచ్చిపోయారు. తర్వాత ఒకడు లేచి కాలితో నేలను తన్నాడు. ఇంకో పిల్ల తన్నింది. చూస్తుండగానే గదంతా దబదబలు. చెల్లి రెండు అరచేతులూ బండకు ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. మా నాయన పోయాక అది నవ్వగా నేను చూడలేదు. టీచరమ్మ చెప్పులు విడిచి, తనూ ఒక అడుగు గట్టిగా వేసింది.

"ఉండనీలే పెద్దమ్మా. వాకిలి కాడ మాత్రం నువ్వే కూచోవాల."

అట్లా రెండేళ్ళు గడిచాయి. చెల్లి బతుకులో బడి అంటే ఆ రెండేళ్ళే. ఆరేళ్ళు నిండాక పెద్దబడిలో చేర్చుకోలేదు. ఇట్లాంటి పిల్లలకు వేరే బళ్ళుంటాయన్నారు. అవి ఎక్కడుంటాయో చెప్పినవాళ్ళు లేరు. అమ్మ మూడుసార్లు తిరిగి, ఆగిపోయింది. చెల్లి కాస్త పెద్దయ్యాక పలకల పనిలోకే పోయింది. వేల పలకలు నున్నగా రుద్దింది. ఒక్కదాని మీద కూడా తన పేరు రాసుకోలేదు. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది.

ఆ రోజు నేనన్న మాట ఆయమ్మ మా అమ్మకు చెప్పలేదు. అమ్మ పోయేదాకా నేనూ చెప్పలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో.

ఈ వయసులో కూడా, ఫలానా ఇంట్లో తలుపు వెనక ఒక పిల్ల ఉందని చెవిన పడితే నేను ఆ వాకిలి దాటి పోలేను. తలుపు తట్టి, బాలవాడికి పంపండమ్మా అని అడుగుతాను. నీకెందుకని తిట్టినవాళ్ళున్నారు. కొందరు అసలు మా ఇంట్లో అట్లాంటి బిడ్డే లేదంటారు. వాళ్ళను నేను తప్పు పట్టను, నమ్మనూ నమ్మను. ఆ మాట ఎంత సులువుగా నోట్లోంచి వచ్చేస్తుందో నాకు తెలుసు.