అల్లా బాషా వెనక్కి తీసుకున్న తిట్టు

కమలాపురం అల్లా బాషా కత్తి ఎంత పదునంటే, తల తెగిన పొట్టేలు ఇంకో నాలుగు పోచలు గడ్డి కొరికాక గానీ సంగతి తెలుసుకునేది కాదట. ఇది తగ్గించి చెప్పిన మాటే. అంత కత్తి పట్టినవాడి గుండె మాత్రం వెన్నముద్ద. కోసే ముందు పొట్టేలుకు నీళ్ళు తాగించేవాడు, కత్తిని దాని కంటబడనిచ్చేవాడు కాదు.

తెల్లదొరల కాలంలో ఒక సంతరోజు, అతని అంగడి ముందర అయ్యన్న బండి ఇసుకలో దిగబడింది. అయ్యన్న ముల్లుగర్రతో కుంటెద్దును నెత్తురు కారేట్టు పొడుస్తున్నాడు. గాజులమ్మే రామసుబ్బమ్మ చూడలేక అరిచింది.

"ఒరే అయ్యన్నా! నువ్వు మనిషివా, కసాయోనివా?"

అల్లా బాషా కత్తి కింద పెట్టేశాడు. "అక్కా, నేనేం జేసినానక్కా?"

"నిన్ను కాదప్పా, వాన్ని తిడతాండా."

"వాన్ని తిట్టేదానికి నా పేరెందుకు? కసాయంటే కోసేటోడు, అంతే. మా పెద్దోళ్ళు ఉర్దూలో తెచ్చిన మాట. దాంట్లో విషం కలిపింది మీరు. నువ్వు మాట మార్చేదాకా నేను కత్తి పట్టను."

పొట్టేలు కూర కోసం కాచుకున్న సంత జనం గుండెలు జారిపోయాయి. "మార్చమ్మే!" అని రామసుబ్బమ్మ మీద పడ్డారు.

"సరే, కిరాతకుడా!" అందామె.

కుందేళ్ళ వేటకు పోయే బొజ్జన్న గుంపులోంచి లేచాడు. "ఏమ్మా, కిరాతుడంటే వేటగాడే కదా? హరికథలో నేనూ విన్యాలే."

రాక్షసుడా అందామంటే, వీధినాటకంలో రావణాసురుని వేషం కట్టేది ఆమె మొగుడే.

"థూ! ఎవురికీ తగలని తిట్టు యాడ తెచ్చేది? ఒరే, నువ్వు అయ్యన్నవిరా! వట్టి అయ్యన్నవి!"

సంతంతా ఘొల్లుమంది. అల్లా బాషా కత్తి అందుకున్నాడు. ఆ తిట్టు అయ్యన్న బండి కన్నా ముందే ఊళ్ళు దాటింది. కోడలికి కూడు పెట్టని అత్త అయ్యన్న, కుక్కను రాయితో కొట్టినవాడు అయ్యన్న. పత్తికొండ అవతల కన్నడంలో కూడా తిట్టుకున్నారట.

కొన్నాళ్ళకు అయ్యన్న తల వంచుకొని అంగడికొచ్చాడు.

"బాషన్నా, మొగుని పేరు పలకని నా పెండ్లాం గూడా పిల్లోళ్ళను 'అదిగో అయ్యన్నొచ్చె' అని బెదిరిస్తాంది. నీ కసాయి మాట నువ్వే తీసుకో సామీ."

తాతల నాటి నుంచి మోసిన మాట. దించుకొని అల్లా బాషా ఇప్పుడిప్పుడే హాయిగా ఊపిరి పీలుస్తున్నాడు. బయట చూస్తే, కుంటెద్దు వీపు మీది పుండ్లకు ఈగలు ముసురుతున్నాయి.

"తీసుకుంటాలేప్పా," అన్నాడు. "ముల్లుగర్ర ఈడ పెట్టిపో."

అయ్యన్న పెట్టిపోయాడు. అందుకే నేటికీ దయలేనివాణ్ణి కసాయి అంటారు గానీ అయ్యన్న అనరు.