డచ్చి భాషలో ‘మీరు’

విమలకుమారిది బందరు. అక్కడి మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ చదివి, 1976లో భర్త దేవకుమార్‌తో కలిసి న్యూజెర్సీ వచ్చింది. మరుసటి ఏడు లూసీ పుట్టింది. పిల్ల కాస్త పెద్దదయ్యాక, పేటర్సన్ దగ్గర ఒక చిన్న ఊళ్ళోని వృద్ధాశ్రమంలో పగటి డ్యూటీ నర్సుగా చేరింది.

ఆ చుట్టుపక్కల డచ్చివాళ్ళు ఎక్కువ. చర్చీలు వాళ్ళవి, బేకరీలు వాళ్ళవి, ఆశ్రమంలో సగం మంచాలూ వాళ్ళవే. బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది, వెనకటికి డచ్చి వర్తకులు ఉన్న చోటు. "మీవాళ్ళు ఎప్పుడో మా ఊరు చూసిపోయారు. ఇప్పుడు మా వంతు వచ్చింది" అని ముసలివాళ్ళతో నవ్వుతూ చెప్పేది. ఆవిడకి డచ్చి మాత్రం ఒక్క ముక్క రాదు. అవసరమూ పడలేదు, మిసెస్ హుక్‌స్ట్రా వచ్చేదాకా.

మిసెస్ హుక్‌స్ట్రాకి ఎనభై నాలుగేళ్ళు. హాలండ్‌లో బడిపంతులమ్మగా చేసి, యుద్ధం అయ్యాక భర్తతో అమెరికా వచ్చింది. 1984 వేసవిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. దాంతోపాటు ముప్పై ఏళ్ళకి పైగా మాట్లాడిన ఇంగ్లిషంతా పలక మీద తుడిచేసినట్టు పోయింది. మిగిలింది డచ్చి, అదీ ముక్కలు ముక్కలుగా. భర్త పోయాడు. ఉన్న ఒక్క కూతురు కాలిఫోర్నియాలో ఉంటుంది.

ఆశ్రమంలో కార్లా అని ఒక ఆయా ఉండేది. నలభై ఏళ్ళ మనిషి, డచ్చి నాయనమ్మ దగ్గర పెరిగింది. నాయనమ్మ తనతో మాట్లాడిన మాటలే గుర్తు తెచ్చుకుని, ముసలావిడ మంచం మీదికి వంగి, "హెప్ యె పెయిన్?" అని ముద్దుగా అడిగేది. నొప్పిగా ఉందా అని. అడిగీ అడగ్గానే మిసెస్ హుక్‌స్ట్రా ముఖం ఎర్రబడేది. పెదాలు గుండ్రంగా చుట్టి, "ఊ! ఊ!" అని అరిచేది. ఒకసారి చెంచా విసిరింది, ఇంకోసారి జావ గిన్నె తోసేసింది.

"పాపం, నొప్పితో మూలుగుతోంది" అంది కార్లా. డాక్టరూ అదే అనుకుని నొప్పి మాత్ర మోతాదు పెంచాడు. ఆవిడ సగం రోజు మత్తులో పడి ఉండేది.

విమలకుమారికి ఇది మింగుడు పడలేదు. ఎన్ని మూలుగులు విన్న చెవులు అవి! నొప్పి అయితే పక్క తిప్పినప్పుడు అరవాలి, ఒళ్ళు తుడిచినప్పుడు అరవాలి. అప్పుడు ఈవిడ కిక్కురుమనదు. కార్లా డచ్చిలో పలకరిస్తేనే అరుస్తుంది. పైగా అరిచేటప్పుడు ఆ ముఖంలో ఉండేది బాధ కాదు, కోపం.

ఆ శనివారం ఊరి లైబ్రరీకి వెళ్ళి, డచ్చి నేర్పే పుస్తకం ఒకటి పట్టుకొచ్చింది. వంటింట్లో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ చదవడం మొదలుపెట్టింది. ఏడేళ్ళ లూసీ పక్కన కూర్చుని తొంగిచూసింది.

మూడో పాఠం దగ్గర విమలకుమారి "ఓరి దేవుడా!" అని లేచి నిలబడింది.

"వాట్ హాపెన్డ్, అమ్మా?"

"చూడవే. వీళ్ళకీ రెండున్నాయి. 'యె' అంటే నువ్వు. 'ఊ' అంటే మీరు. ఆవిడ మూలగడం లేదు. నువ్వు అనొద్దు, మీరు అనమంటోంది!"

లూసీ ముఖం చిట్లించింది. "తెలుగులాగా? ఇంగ్లిష్ ఈజ్ బెటర్ అమ్మా. ఒక్కటే 'యూ', ఎవరికీ కోపం రాదు."

సోమవారం పొద్దున్నే విమలకుమారి మంచం దగ్గర నిటారుగా నిలబడింది. పుస్తకంలో 'నొప్పిగా ఉందా' అన్నదానికి 'హెప్ యె పెయిన్' అనే ఉంది. 'యె' తీసేసి 'ఊ' పెట్టింది.

"గుడ్ మార్నింగ్, మిసెస్ హుక్‌స్ట్రా. హెప్ ఊ పెయిన్?"

ముసలావిడ కళ్ళు పెద్దవయ్యాయి. నొప్పి లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. తరవాత ఎడమ చేతి వేలితో మంచం అంచు మీద కొట్టి, "టే!" అంది.

డచ్చిలో 'టే' అంటే టీ. ఆ మాటా పుస్తకంలో ఉంది. విమలకుమారి పరుగున వెళ్ళి టీ తెచ్చి ఇచ్చింది. ఆవిడ ఒక గుక్క తాగి, కప్పు పక్కన పెట్టించి, మళ్ళీ మంచం అంచు కొట్టింది. "టే! టే!"

చక్కెర చాలలేదేమోనని వేసింది. పాలు పోసింది. మూడోసారి కొత్త కప్పు తెచ్చేసరికి మిసెస్ హుక్‌స్ట్రా భుజాలు కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వగా అక్కడెవరూ అంతకుముందు చూడలేదు. వేళ్ళతో రాస్తున్నట్టు సైగ చేసింది. పెన్ను ఇస్తే, కాగితం రుమాలు మీద ఎడమ చేత్తో వంకరటింకరగా ఒక్క అక్షరం రాసింది: t.

అక్షరం పేరూ 'టే' యే.

విమలకుమారి పుస్తకం తిరగేస్తే పాఠం చివర చిన్న అక్షరాల్లో ఉంది సంగతి. క్రియ చివర ఒక t ఉంటుంది. ప్రశ్నలో క్రియ ముందుకొచ్చి, దాని వెనకే 'నువ్వు' వస్తే ఆ t రాలిపోతుంది. 'మీరు' వస్తే మాత్రం t కదలదు. హెప్ యె, కానీ హెప్ట్ ఊ.

"హెప్ట్ ఊ పెయిన్?" అంది, t మీద గట్టిగా నొక్కి.

"ఖూట్!" అంది పంతులమ్మ. బాగుంది అని.

ఆ మధ్యాహ్నమే విమలకుమారి డాక్టరుకి అంతా చెప్పింది. ఆయన ముందు నమ్మలేదు. "ఒక్కసారి నాతో రండి" అని తీసుకెళ్ళి, ఆయన చేతే 'ఊ' అనిపించింది. మిసెస్ హుక్‌స్ట్రా హుందాగా తల పంకించి ఎడమ చెయ్యి ఇచ్చింది. మాత్ర మోతాదు తగ్గించారు. వారం తిరిగేసరికి ఆవిడ కుర్చీలో కూర్చుని, తన జావ తనే తాగుతోంది.

కార్లా మాత్రం చిన్నబుచ్చుకుంది. "నేను ప్రేమగా మాట్లాడాననుకున్నాను. మా నాయనమ్మ నాతో అలాగే మాట్లాడేది" అంది.

"నీతో మాట్లాడేది. అప్పుడు నువ్వు చిన్నపిల్లవి కదా. ఈవిడ పెద్దావిడ" అంది విమలకుమారి.

ఆ తరవాత రెండేళ్ళు, రోజూ మందులిచ్చే వేళ ఒక పాఠం. తప్పు చెబితే మంచం అంచు మోగేది. కొన్నాళ్ళకి మిగతా డచ్చి ముసలివాళ్ళ గదుల్లోకీ విమలకుమారినే పిలవడం మొదలైంది. 'బందరు నర్సు డచ్చి మాట్లాడుతుంది' అని వాళ్ళ చర్చీలో చెప్పుకునేవారు.

1986 వేసవిలో ఒక రోజు, పాఠం అయ్యాక మిసెస్ హుక్‌స్ట్రా విమలకుమారి చెయ్యి పట్టుకుంది. "జెఖ్ మార్ యె" అంది. ఇక నన్ను 'నువ్వు' అను అని.

ఆ భాషలో అది ఎంత పెద్ద మాటో విమలకుమారికి అప్పటికి తెలుసు. పరాయిదాన్ని ఇంటిమనిషిని చేసుకునే మాట అది. కళ్ళు చెమర్చాయి. 'యె' అందామని నోరు తెరిచింది, రాలేదు. అంత పెద్దావిడని నువ్వు అనడమా!

"నా వల్ల కాదండీ" అంది తెలుగులోనే.

మిసెస్ హుక్‌స్ట్రాకి ఆ మాట అర్థం కాలేదు. ముఖం చూస్తే అర్థమైంది. నవ్వి, చెయ్యి వదలకుండా, గడ్డంతోనే పుస్తకం వంక చూపించింది. తరవాతి పాఠం తియ్యమని.