చేసినాయన పేరేంది సార్?

రెండు నెలలుగా ఎదురుచూసిన పార్సిల్ ఈ రోజు వచ్చింది. ఆఫ్రికా బొమ్మలమ్మే ఆన్‌లైన్ గ్యాలరీలో నేను ఏరుకున్న కొయ్య మాస్కు. నా దగ్గర ఇది తొమ్మిదోది. విప్పి చూస్తే ఎడమ చెవి విరిగిపోయి ఉండాది. ప్రాణం ఉసూరుమనింది.

ఫోన్ చేస్తే, చంద్రగిరిలో చెక్కబొమ్మలు చేసే ఆయన ఉలి, జిగురు సంచిలో వేసుకోని బస్సెక్కి వచ్చేసినాడు. నా మాస్కులు నిలబెట్టే పీటలన్నీ ఆయన చేసినవే. మాస్కును చేతిలోకి తీసుకోని చాలాసేపు తిప్పి తిప్పి చూసినాడు.

"చేసినాయన పేరేంది సార్?"

"ఎందుకప్పా?"

"ఇంకొకరి పని మింద ఉలి పెట్టే ముందు ఆయన పేరు తలుచుకోని దండం పెట్టుకోవాల. మా నాయన నేర్పించినాడు."

కంప్యూటర్లో మాస్కు కొన్న పేజీ తెరిచినాను. దేశం ఉండాది, కొయ్య పేరు ఉండాది, ఎత్తూ బరువూ ఉండాయి. చేసినాయన పేరు లేదు. ఇన్ని కొన్నా ఒక్కసారీ నేను ఆ పేరు కోసం వెతకలేదు.

"పేరు రాయలేదప్పా" అన్నాను, నేనేదో దాచిపెట్టినట్టు.

"పోనీలే సార్, చేసినాయనకు తెలుస్తాదిలే" అని కళ్లు మూసుకోని దండం పెట్టి పని మొదలుపెట్టినాడు. అతుకు యాడుందో నాకే కనిపించలేదు.

సాయంత్రం ఫొటో ఈడ ఫేస్‌బుక్‌లో పెట్టి, బాగుచేసినాయన పేరు కింద రాద్దామని కూర్చున్నా. పేరు కోసం ఫోన్ తీసి చూసినా. ఆరేండ్ల పరిచయం. నా ఫోన్లో ఆయన "బొమ్మలాయన".

రేపు పోయి అడగాల. ఏ మొగం పెట్టుకోని అడిగేదో మీరే చెప్పండి.