రాజన్న కాకకు వచ్చిన రెండు ఫోన్లు

మా చిన్నప్పుడు... గల్ఫ్‌లో, అల్ సువైక్ అనే ఊళ్ళో మా నాయిన టైలర్ దుకాణంలో ఒక ఎర్ర ఫోన్ ఉండేది. జగిత్యాల దిక్కు నుంచి వచ్చి, చుట్టుపక్కల సైట్లలో, ఖర్జూరం తోటల్లో పనిచేసే మనవాళ్ళకు ఊరి కబుర్లన్నీ అందులోనే వచ్చేవి. బడి లేని పూట ఆ ఫోన్ ఎత్తేది నేనే... తొమ్మిదేళ్ళ దాన్ని!

ఒకరోజు తోటలో పనిచేసే రాజన్న కాకకు కొడుకు పుట్టిండని ఫోన్ వచ్చింది. నేను చక్కగా చీటీ రాసి, ఆయన రూమ్ తలుపు సందులో పెట్టి వచ్చాను. పాపం, డ్యూటీ దిగి వచ్చేదాకా ఆయనకు తెలియనే లేదు.

అమ్మ నవ్వింది. "గింత మంచి ముచ్చట చీటీల పెడ్తవా బిడ్డా? తోటకాడికి ఉరికి, కేకేసి చెప్పాలె!"

అంతే... కబురంటే కేకేసి చెప్పాలని నా బుర్రలో నాటుకుపోయింది.

కొన్ని నెలలకు మళ్ళీ ఆయనకే ఫోన్. వాళ్ళమ్మ పోయిందని. ఫోన్ పెట్టేసి చూస్తే, రాజన్న కాక సైకిల్ మీద దుకాణం ముందు నుంచే పోతున్నాడు. "కాకా! మీ అమ్మ..." అని నేను గట్టిగా అరిచి, మిగతాది చెప్పేలోపే అమ్మ వచ్చి నా నోరు మూసింది. నేను ఫోన్‌లో మాట్లాడింది విన్నట్టుంది.

"లోపలికి రా తమ్మీ... జర కూసో," అంది అమ్మ.

నాయిన మిషన్ ఆపి, ఆయన పక్కన కూర్చొని భుజం మీద చెయ్యి వేశాడు. అమ్మ మంచినీళ్ళిచ్చి, తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పింది... మెల్లగా. రాజన్న కాక మొహం కప్పుకొని ఏడ్చాడు.

తర్వాత ఆయనే నన్ను అడిగాడు, "ఎట్ల పోయిందట బిడ్డా?"

నేను దగ్గరకెళ్ళి కూర్చొని, చిన్న గొంతుతో చెప్పాను. "నిద్రల్నే పోయిందట కాకా... మనుమణ్ణి పక్కల ఏసుకొని పండుకున్నదట."

ఆయన నా తల నిమిరాడు.

ఇప్పుడు నేను ఆ దేశంలోనే, అల్ మవాలేలో ఉంటున్నాను. మొన్న మా పై అంతస్తు అక్కకు వాళ్ళ నాన్న పోయిన సంగతి తను ఆఫీసులో ఉండగా వాళ్ళ ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో తెలిసిందట. మా బిల్డింగ్ గ్రూప్ నిండా దండం బొమ్మలు... మా పాప కూడా ఒకటి పెట్టబోతుంటే ఆపి, పైకి తీసుకెళ్ళాను.

"నేనేం మాట్లాడాలి మమ్మీ?"

"ఏం మాట్లాడకు. ఆంటీ పక్కన కూర్చో చాలు."

మాకంటే ముందు వాళ్ళ తలుపు తట్టినవాళ్ళు ఎవరూ లేరట...

కబురు క్షణంలో వచ్చేస్తోంది. మనుషులమే వెళ్ళడం లేదు. మిమ్మల్ని కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పినవాళ్ళు ఎవరైనా గుర్తున్నారా? వాళ్ళ గురించి రెండు మాటలు రాయండి... చదువుకుంటాను.