పందొమ్మిదో పుస్తకం

నిరుడు ఇరవై నాలుగు పుస్తకాలు చదవాలని పెట్టుకున్నాను. నెలకు రెండు. చదివిన ప్రతిదాని గురించీ నోటుబుక్కులో అరపేజీ రాయాలనుకున్నాను. డుంబ్రిగుడ దగ్గర కొండల్లో చిన్న బడిలో టీచర్ని. పిల్లలకు చదవమని చెప్తూ నేను మాత్రం ఏళ్ళ తరబడి ఏమీ చదవలేదన్న సిగ్గుతో మొదలుపెట్టిన పని అది. డిసెంబరులో లెక్క పూర్తయింది.

ఇప్పుడా నోటుబుక్కు తిరగేస్తే నా తీర్పులు కొన్ని నాకే తొందరపాటుగా కనిపిస్తున్నాయి. చేపల రేవులో నడిచే ఒక నవలకు సాగదీత ఎక్కువని రాశాను. అందులో కురిసిన వాన మాత్రం ఇంకా గుర్తుంది. ఒక డాక్టరు ఆత్మకథను తెగ మెచ్చుకున్నాను. అందులో ఒక్క మనిషీ గుర్తులేడు. పందొమ్మిదో పుస్తకానికి అరపేజీ సరిపోలేదు.

సెప్టెంబరులో నాన్నకు కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు ఎండలోకీ దుమ్ములోకీ వెళ్ళొద్దన్నారు. కాఫీ తోటకు పోకుండా ఒక్కరోజు కూడా ఉండని మనిషి, నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. బడి నుంచి రాగానే ఆయనకు చదివి వినిపించేదాన్ని. నాన్నకు అక్షరాలు రావు. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా కొండభాష. నా తెలుగు బడిలో నేర్చుకున్నది, ఆయనది సంతలో నేర్చుకున్నది. పుస్తకం చేతిలో ఉన్నంతసేపూ మా మాటలు కూడా తెలుగులోకి వచ్చేసేవి.

పందొమ్మిదోది లైబ్రరీలో దొరికిన పాత నవల. మైదానం నుంచి వచ్చిన ఒకాయన మా కొండల గురించి రాశారు. ఆయన పోయి చాలాకాలమైంది. అందులో ఒక జంటకు చిన్న కూతురు. పిల్లకు జ్వరం వస్తుంది. తల్లిదండ్రులు దేవతకు కోడిని కోసి ఇంట్లో కూర్చుంటారు. ఆస్పత్రి ఊసే ఎత్తరు. మూడో రోజున పిల్ల చచ్చిపోతుంది. బాగా రాశారు.

"ఆపమ్మా," అన్నాడు నాన్న. "అట్ట మీద ఆయన బొమ్మ ఉందేటి? కనుబొమ మీద మచ్చ ఉందేమో సూడు."

వెనక అట్ట చూశాను. ఉంది.

"నానే తిప్పేను ఆయన్ని ఈ కొండలన్నీ. నాలుగు రోజులు మనింట్లోనే తిన్నాడు." నల్లద్దాలు సర్దుకున్నాడు. "ఆ కతలో గుంట మనదే. మీ అక్క."

నాకొక అక్క ఉండేదని నలభయ్యో ఏట తెలిసింది. అమ్మ పోయి మూడేళ్ళయింది. ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"ఆస్పత్రికి తీసుకెల్లలేదా నానా?" అన్నాను. ఆ మాట అడగకుండా ఉండాల్సింది.

"ఎల్లేం. కోడినీ కోసేం, ఆస్పత్రికీ బయల్దేరేం. గెడ్డ పొంగిపోయి ఉంది. పొద్దు వాలేదాకా గట్టు మీదే కూకున్నాం, నీళ్ళు తగ్గలేదు. అక్కడే పోయింది. ఇదంతా ఆయనకి సెప్పేను. ఇలాగెందుకు రాసేడో."

"కత కోసం మార్సుంటారు," అన్నాను.

"కతకి నా గుంటే దొరికిందా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

తర్వాత అక్క పేరు చెప్పాడు. దాన్ని ఇక్కడ రాయను.

మర్నాడు ఆ పేజీలే మళ్ళీ చదవమన్నాడు. ఆ మర్నాడూ అంతే. మూడోసారి విన్నాక, "బుక్కుల మీద ఏటో రాత్తన్నావు కదా. దీని మీద రాయి," అన్నాడు.

రాసి వినిపించాను. ఆ తల్లిదండ్రులు బిడ్డను ఆస్పత్రికి మోసుకెళ్ళారని, గెడ్డ దాటలేకపోయారని రాశాను.

"మీయమ్మ మోసింది," అన్నాడు నాన్న. "దారి పొడుగునా నా సేతికియ్యలేదు. పోయాక కూడా ఇయ్యలేదు. అలాగ రాయి."

అలాగే రాశాను. పుస్తకాల మీద గీతలు గీస్తే పిల్లల్ని కేకలేసేదాన్ని, ఆ లైబ్రరీ పుస్తకం అంచున పెన్సిలుతో అవే మాటలు రాశాను. తిరిగి ఇచ్చేటప్పుడు లైబ్రేరియన్‌కు ఆ పేజీ తెరిచి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, పుస్తకాన్ని అలమరలో పెట్టేశారు.

కొన్నాళ్ళు నాన్న చదవమని అడగలేదు. నేను ఒంటరిగా నాలుగు పుస్తకాలు ముగించాను. వాటి మీద నా రాతలు పొడిపొడిగా ఉన్నాయి. డిసెంబరులో కాఫీ పళ్ళు కోతకొచ్చాయి. ఒక ఆదివారం కళ్ళంలో గింజలు తిరగేస్తూ, "ఎవరూ సావని బుక్కేదైనా ఉందేటి?" అన్నాడు.

ఒకాయన సైకిలు మీద దేశం తిరిగిన పుస్తకం ఉంది. పక్కనే కూర్చుని చదివాను. ఆయన ఎక్కడ తిన్నాడో, ఎక్కడ పడుకున్నాడో నాన్న ప్రతి ఊరి దగ్గరా అడిగేవాడు. మూడు ఆదివారాలు పట్టింది.

"అయిపోయిందేటి?" అన్నాడు చివర్న.

"అయిపోయింది నానా," అన్నాను. అది ఇరవై నాలుగోది.