తల్లి మీద పది లాటిన్ వాక్యాలు

డెబ్బైల చివర్లో, ఖమ్మంలో ఫాదర్లు కావడానికి చదివేవాళ్ల హాస్టల్లో నాకది మూడో ఏడు. లాటిన్ కాస్త పట్టుబడిందని, కొత్తగా చేరినవాళ్ల నోట్‌బుక్కులు దిద్దే పని పెద్ద ఫాదర్ నాకే అప్పగించారు. చేతిలో ఎర్రపెన్ను ఉంటే నాకు ఎక్కడలేని గర్వం.

ఆ కొత్తవాళ్లలో ఒకడిది చర్ల అవతల అడవిలో ఊరు. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, ఇప్పుడు లాటిన్. మాటల చివర్లు వాడికి ఒక పట్టాన పడేవి కావు.

"కొడుకు, కొడుకును అంటలేమా? ఇది గూడ గట్లనే" అని చెప్పేవాణ్ణి. "ఆమాత్ అంటే ప్రేమిస్తది. ఆమాబాత్ అంటే ప్రేమించేది, అయిపోయిన ముచ్చట."

వరండా ఊడుస్తూ కూడా వల్లించేవాడు. పరీక్ష ముందురోజు నాకన్నీ తప్పు లేకుండా అప్పజెప్పాడు.

పరీక్షలో లాటిన్లోకి మార్చమని తల్లి మీద పది వాక్యాలిచ్చాను. తల్లి కొడుకును పిలుస్తది, తల్లి అన్నం పెడ్తది, అన్నీ ఇప్పుడు జరిగేవే. వాడు పదింటికి పదీ పిలిచేది, పెట్టేది అని రాశాడు. పదీ కొట్టేసి, కింద 'శ్రద్ధ లేదు' అని రాశాను.

"ఏందిరా, నిన్న మంచిగనే చెప్పినవ్ గదా?"

"అవ్ అన్నా. తప్పే."

తప్పు పోయిన వాక్యం పదిసార్లు రాయాలన్నది నేను పెట్టిన రూలు. రాశాడు. తల్లి పిలుస్తది, తల్లి పిలుస్తది. తలెత్తలేదు.

మధ్యాహ్నం భోజనానికి రాలేదని ఫాదర్ వెళ్లి అడిగితే, జేబులోంచి కార్డు తీసిచ్చాడట. వాళ్లూరి పంతులు రాసింది, ఆ పొద్దున్నే అందింది. జ్వరంతో ఉన్న వాళ్లమ్మను మంచం మీద మోసుకొస్తుంటే దారిలో వాగు పొంగింది. భద్రాచలం దవాఖానా చేరకముందే ప్రాణం పోయింది. అప్పటికే పన్నెండు రోజులైంది.

వాడి దగ్గరికి పరుగెత్తాను. "నాకు చెప్పొద్దారా?"

"ఎట్ల చెప్పాల్నో తెల్వలే అన్నా. అమ్మ ఇంకా ఉన్నట్టు రాద్దామంటే చెయ్యి రాలే."

బస్టాండు దాకా వాడి ట్రంకుపెట్టె నేనే మోశాను. క్షమించమని మాత్రం అడగలేదు. బస్సు కదులుతుంటే వాడే, "పైలం అన్నా" అన్నాడు.

మళ్లీ రాలేదు. ఇంట్లో ఇద్దరు చిన్న చెల్లెళ్లు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఏడాది తర్వాత వాళ్లూరు వెతుక్కుంటూ వెళ్లాను. పోడు చేసుకోవడానికి ఇంకా లోపలికి పోయారన్నారు. ఎటో ఎవరూ చెప్పలేకపోయారు. నాలుగు కోసులు వెనక్కి నడిచి, చర్లలో బస్సు ఎక్కి, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.