తొమ్మిది మోస్తుంది, నాలుగున్నర మూస్తుంది

గోడలకు చెవులుంటాయంటారు. తాపీమేస్త్రీ అయిన మా పెదనాన్న గోడకే తన చెవి ఆనించేవాడు. తాపీ పిడితో రెండుసార్లు కొట్టి, విని, తీర్పు చెప్పేవాడు. తొమ్మిదంగుళాల గోడ శ్లాబు బరువు మోస్తుంది, దాని జోలికి పోకూడదు. నాలుగున్నర అంగుళాలది గదికీ గదికీ మధ్య అడ్డుగోడ, ఎప్పుడైనా తీసేయొచ్చు. "తొమ్మిది మోస్తుంది, నాలుగున్నర మూస్తుంది" అనేవాడు. ఆ మాటకు ఎదురులేదు.

మనుషులకూ అవే కొలతలు. మా అమ్మ మోసే గోడ. ఆయన దగ్గరే పనిచేసే తమ్ముడు, అంటే మా నాన్న, పిట్టగోడ. ఏమీ మోయడు కానీ ఉంటే ఎవరూ కింద పడరని నవ్వేవాడు. నాన్న కూడా నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఇంటి మధ్య అడ్డుగోడ కూడా ఇద్దరూ కలిసే కట్టుకున్నారు, వరుసకో మాట విసురుకుంటూ. మర్నాడు మళ్లీ ఒకే సైకిల్ మీద పనికి పోయారు.

ఒక ఇంట్లో రెండు గదులు ఒకటి చెయ్యాలన్నారు. పెదనాన్న గోడ కొట్టి విన్నాడు, టేపు పెట్టాడు. నాలుగున్నరే.

"ఎందుకైనా మంచిది, ఓసారి పైకెళ్లి చూసొద్దామా అన్నయ్యా?" అన్నాడు నాన్న.

"నీకు పని నేర్పింది ఎవర్రా?"

నాన్న సుత్తి అందుకున్నాడు.

పైన, సరిగ్గా ఆ గోడ నెత్తిన, ఇంటివాళ్లు ఎప్పుడో నీళ్ల తొట్టి కట్టించారు. ఆ బరువుకు శ్లాబు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కుంగి గోడ మీద కూర్చుంది. మూయడానికి కట్టిన గోడ, ఎవరికీ తెలియకుండా మోస్తోంది. సగం ఇటుకలు తీసేసరికి శ్లాబు దిగిపోయింది. పెదనాన్న అప్పుడే మంచినీళ్లకని గుమ్మం దాటాడు. నాన్న దాటలేదు.

ఇంటివాళ్లు విధి అన్నారు. తోటి మేస్త్రీలు తప్పంతా తొట్టిదే అన్నారు. పెదనాన్న ఒప్పుకోలేదు. "పద్దెనిమిది మెట్లు. ఎక్కలేదు నేను" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు. మళ్లీ తాపీ ముట్టలేదు. నేను ఆయన్ను క్షమించలేదు, ఇప్పటికీ పూర్తిగా కాదు.

ఏడాది తిరిగాక అమ్మే అంది, ఇక రెండు పొయ్యిలు ఎందుకు, మధ్య గోడ తీసేద్దామని. పెదనాన్న సుత్తి పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. చెయ్యి లేవలేదు. అది చూసి అమ్మ మెట్లెక్కింది. డాబా అంతా తిరిగి దిగివచ్చింది.

"పైన ఏమీ లేదు బావగారూ. నేను చూసొచ్చాను."

అయినా ఆయన చెయ్యి లేవలేదు. అమ్మే సుత్తి తీసుకుని మొదటి దెబ్బ వేసింది. పెదనాన్న స్టూలు లాక్కుని ఎక్కి, రెండు చేతులూ శ్లాబుకు ఆనించి నిలబడ్డాడు. ఆఖరి ఇటుక ఊడేదాకా ఆ చేతులు దించలేదు.